రెండు చేతులు పడ్డ ఇంజను

ఒకరు కట్టిన ఇంజనును ఇంకొకరు విప్పినప్పుడు లోపల తప్పు కనబడితే, అది ఎవరిదో పేరు పెట్టి చెప్పాలా, చెప్పకూడదా? ఈ అనుమానం నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. మా వీధి చివర గుడిలో పురాణం చెప్పే పంతులుగారిని ఒకసారి అడిగాను. "నిజం చెప్పాలి, ఎదుటివాడు నొచ్చుకోకుండా చెప్పాలి" అన్నారు. ఇంజన్ల దగ్గర ఆ రెండూ కలిసి రావని ఆయనకు తెలియదు.

మా గురువు బసవపున్నయ్య మేస్త్రి దగ్గర మాత్రం దీనికి జవాబు తయారుగా ఉండేది. ఆయనది తెనాలి పక్క పల్లె. సినిమావాళ్లు మద్రాసు వదిలి వస్తుంటే వాళ్లతో పాటే వచ్చి, యూసుఫ్‌గూడలో షెడ్డు వేసుకుని, షూటింగు బండ్లన్నీ చూసేవారు. "తప్పు చూపించరా, పేరు పలక్కు. రేపు నువ్వు కట్టింది ఇంకోడు విప్పుతాడు" అనేవారు. ఆ షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లమంతా ఆ మాట పాటించాం. కస్టమరు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, విప్పిన సామానంతా విప్పిన వరసలోనే పాత పేపరు మీద పరిచి, చూసుకోండని పక్కకు జరిగేవాళ్లం. మొదట్లో అది దయ అనుకున్నాను. రాను రాను, అది దయేనా, పిరికితనానికి పెట్టిన మంచి పేరా అని లోపల గీరుతూ ఉండేది.

రెండు వేల అయిదులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున ట్రాలీ ఆటో ఒకటి మా సందులోకి వెనక్కి వెనక్కి వచ్చింది.

నా షెడ్డు రహమత్ నగర్‌లో. పైన రేకులు, ముందు మురుగు కాలువ, దాని మీద రెండు షాబాదు బండలు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు, మోకాళ్లకు మాత్రం అరవై. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొచ్చాక కుర్రవాళ్లంతా కొత్త బండ్లు కొని షోరూములకే పోతున్నారు. వాళ్లలోనే కొందరికి పాత బండ్ల మీద మోజు పుట్టింది. ఆ మోజే నా ఇంట్లో అన్నం.

ట్రాలీలో ఉన్నది అరవై రెండు మోడలు బుల్లెట్. నల్ల రంగు, ట్యాంకు మీద బంగారు గీత, ముఖం చూసుకునేంత మెరుపు. వెనక నిలబడి దాన్ని పడిపోకుండా పట్టుకున్నవాడు హనుమంతు. జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. మాది మెదక్ వైపు, అతనిదీ అటే, కాబట్టి ముఖం ఎరుగుదును. వెనకనే కారులో ఆ ఇంటి యజమాని క్రాంతికుమార్ వచ్చాడు. ముప్ఫై నాలుగు ముప్ఫై అయిదేళ్లుంటాయి. మెడలో కంపెనీ కార్డు ఇంకా తీయలేదు.

"నాలుగు నెలల క్రితం ఇంజనంతా కొత్తగా కట్టించానండీ. ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నిన్న చెక్‌పోస్టు ఎత్తు ఎక్కుతుంటే, లోపల ఎవడో సుత్తి పెట్టి కొడుతున్నట్టు మొదలైంది" అన్నాడు.

"ఎవరు కట్టిన్రు సార్?"

"ఫిల్మ్ నగర్‌లో సినిమా బండ్లు కిరాయికి ఇస్తాడు చూడండి. కమలాకర్."

నేను స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నట్టు పెట్టెలోకి వంగాను. కమలాకర్, నేను ఒకే ఏడు బసవపున్నయ్య మేస్త్రి దగ్గర చేరాం. నాలుగేళ్లు ఒకే పళ్లెంలో తిన్నాం. మేస్త్రి పోయాక అతను సినిమాల వైపు వెళ్లాడు, నేను ఈ సందులోకి వచ్చాను. పోట్లాట ఏమీ లేదు. మాటలూ లేవు.

బండి స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు మొన ఇంజను కింది భాగానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. పిస్టన్ వదులైతే చప్పుడు పైనుంచి వస్తుంది, గాజులు తగిలినట్టు సన్నగా ఉంటుంది. ఇది కిందనుంచి వస్తోంది. రోట్లో రోకలి పడ్డట్టు, బరువుగా. ఇరవై లెక్కపెట్టేలోపు ఆపేశాను. ఇంజను తలకాయలో వాల్వులను ఆడించే రాకర్లకు ఆయిల్ తీసుకువెళ్లే సన్నటి పైపు ఒకటి ఉంటుంది. దాని బోల్టు వదులు చేసి, హనుమంతును నాలుగు కిక్కులు కొట్టమన్నాను. చుక్క రాలేదు.

"ఆయిల్ తిరుగుతలేదు సార్. కింద కనెక్టింగ్ రాడ్డు బుష్ పోయినట్టుంది. విప్పితే గాని పూర్తి సంగతి తెల్వదు."

"విప్పండి. కానీ రిపేరుకంటే ముందు నాకొకటి కావాలి. తప్పు ఎవరిదో మీ ప్యాడ్ మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి." అతని గొంతులో కోపంకన్నా అవమానం ఎక్కువ ఉంది. "పాత కాలం కథతో ఒక పిక్చర్ సోమవారం మొదలవుతోంది. అందులో కమలాకర్‌వి పద్నాలుగు బండ్లు, అరవై రోజుల కిరాయికి. దాని ప్రొడక్షన్ మేనేజర్ నా క్లాస్‌మేట్. మీ కాగితం చూపించానంటే ఆయన బండి ఒక్కటి కూడా లొకేషన్‌కి రాదు. సాఫ్ట్‌వేర్ వాడు కదా, వీడికేం తెలుస్తుందిలే అనుకున్నాడండీ నన్ను."

"మా దగ్గర రాసిచ్చే అలవాటు లేదు సార్."

"అలవాటు చేసుకోండి. ఆదివారం ఇంటికి తెచ్చివ్వండి."

కారు వెళ్లిపోయింది. హనుమంతు కాసేపు బండి దగ్గరే నిలబడి, "మొత్తం విప్పుతవా అన్నా?" అని అడిగాడు. మొత్తం విప్పుతానన్నాను. తల గోక్కుని వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున స్నానం చేసి, షెడ్డులో ఆంజనేయస్వామి పటం ముందు అగరవత్తి వెలిగించి మొదలుపెట్టాను. ముందు ఆయిల్ దించి తెల్ల పళ్లెంలో పోశాను. ఎండలో పెట్టి వేలితో కలిపితే వెండి పొడి చల్లినట్టు తళతళమంది. బుష్ అరిగి ఆయిల్లో కలిసింది. తర్వాత తలకాయ, సిలిండరు తీసి పేపరు మీద పెట్టాను. కనెక్టింగ్ రాడ్డును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ లాగితే టక్కు టక్కుమని కొట్టుకుంది. అది అసలు కదలకూడదు. రాడ్డు కింది భాగం నీలంగా మారి ఉంది. ఆయిల్ అందక కాలితేనే ఇనుముకు ఆ రంగు వస్తుంది.

"స్వామీ, ఇది వాడి తప్పు కాకుండా చూడు" అని దండం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక, మనసులో ఇంకో మూల, అయితే మాత్రం ఏమైందిలే అని కూడా అనిపించింది. వాడి పేరు సినిమా బండ్ల మీద ఉంది. నా పేరు ఈ రేకు మీద, సగం రంగు పోయి. ఈ రెండు కోరికల్లో స్వామి దేన్ని వింటాడో తెలియదు. నేను ఏది గట్టిగా అడిగానో నాకే తెలియలేదు.

మధ్యాహ్నం స్కూటరు చప్పుడయింది. కమలాకర్. జుట్టు సగం తెల్లబడింది.

"ఏం రా లచ్చయ్యా, బతికే ఉన్నవా?"

"ఉన్న. కూసో."

"కూసునే తీరిక లేదు. నా బండి నీ కాడికొచ్చిందట."

"నీది గాదు. ఆ సార్‌ది."

"కట్టింది నేనే గద. అబ్బో, మంచిగ పండవెట్టినవ్ పేపర్ మీద. పోస్టుమార్టం లెక్క." నవ్వుతూనే వంగి రాడ్డు పట్టుకుని లాగాడు. నీలం రంగు చూశాక నవ్వు ఆగిపోయింది. "ఆయిల్ పోలేదురా దీనికి."

"పోలే."

"నేను ఇచ్చిననాడు పోయింది. రాకర్ల కాడ నా వేలు తడిసింది, ఇగో గీ వేలే. ఎవడన్న మళ్ల విప్పిండా?"

"ఎవరూ ముట్టుకోలేదంటున్నడు సార్."

"అంటడు. పెద్దింటోళ్ల మాట, కాదంటే నడుస్తదా?" చేతులు పాత గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇంక టైమింగ్ కవర్ తియ్యలే గద నువ్వు?"

"ఇప్పుడు తీస్త. ఉండు, ఇద్దరం చూద్దాం."

"వద్దు. నేనుంటే నేనే చెప్పిచ్చిన అంటరు. నువ్వు ఏం చూస్తే అదే రాయి." స్కూటరు ఎక్కి, మళ్లీ తిరిగి చూశాడు. "పద్నాలుగు బండ్లకు టైర్లు ఏయించిన రా, అప్పు తెచ్చి. సోమవారం అవి కదలకపోతే, మా బిడ్డ మనోజ కాలేజీ బందే. బెదిరిస్తలేను. తెల్సుండాలెనని చెప్తున్న."

అన్నం తెచ్చిన నా భార్య రాజమ్మ గుమ్మం దగ్గరే ఆగి అంతా వింది. నేను చేతులు కడుక్కుంటుంటే, "రాస్తవా?" అంది.

"చూసినంక."

"ఏం చూస్తవో గని, గంత సేపు వంగకు. పొద్దటి సంది నడుం పట్టుకుని మూలుగుతున్నవ్."

అన్నం తిని, ఇంజనుకు కుడివైపున్న టైమింగ్ కవర్ ముందు కూర్చున్నాను. లోపల రెండు చిన్న ఆయిల్ పంపులు ఉండేది ఆ మూత వెనకే. దాని స్క్రూలు చూడగానే ఆగిపోయాను. గాట్లన్నీ చెదిరిపోయి, పళ్లు కొరికినట్టున్నాయి. గాటుకు సరిపడని స్క్రూడ్రైవరు పెట్టి బలంగా తిప్పితే అలా అవుతాయి. చెదిరిన చోట ఇనుము ఇంకా తెల్లగా ఉంది. అంటే కొత్త గాయం. మేస్త్రి దగ్గర మేం నేర్చుకున్న మొదటి పని, గాటు కొలిచి స్క్రూడ్రైవరును సాన పట్టుకోవడం. కమలాకర్ చిత్తుగా తాగినా ఆ పని చేయడు.

మూత ఊడదీస్తే, అంచుల నిండా బూడిద రంగు పేస్టు. ఆయిల్ కారకుండా పూసే పేస్టు అది. గోడకు సున్నం మెత్తినట్టు మెత్తారు. దాని కింద కాగితపు ప్యాకింగు ఉంది. మెల్లగా ఒలిచి, కళ్లద్దాలు సర్దుకుని ఎండకు పట్టుకున్నాను. అంచు మీద చిన్న సుత్తితో తట్టి తట్టి చేత్తో కోసిన ప్యాకింగు. ఒక వైపే గ్రీజు. ఆయిల్ వెళ్లే చోట కన్నం గుండ్రంగా, శుభ్రంగా తీసి ఉంది. అలా కోసేవాళ్లం హైదరాబాదు మొత్తానికి ఇద్దరం మిగిలాం. కాబట్టి ప్యాకింగు కమలాకర్‌ది. పేస్టు మరొకరిది.

మూతలో ఆయిల్ వెళ్లే దారికి నోరు పెట్టి ఊదాను. ఊపిరి వెనక్కి వచ్చింది. సన్నటి తీగ పెట్టి పొడిస్తే, సేమియా ముక్కలా గట్టిపడిన పేస్టు బయటికొచ్చింది. గోరంత పొడుగు. బిగించినప్పుడు పక్కకు పోవలసిన పేస్టు లోపలికి పాకి, దారిలో గడ్డకట్టింది. పంపు ఎంత తిరిగినా ఆయిల్ రాడ్డు వైపు వెళ్లలేదు.

ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో ఇక్కడ చెప్పాలి.

ఎనభై నాలుగులో మేస్త్రి షెడ్డులో ఒక షూటింగు బండికి ఇదే మూత నేను బిగించాను. అప్పుడు పేస్టు లేదు, ఎర్ర లక్క రాసేవాళ్లం. త్వరగా పని ముగించాలని మందంగా రాశాను. గండిపేట దగ్గర షాటు మధ్యలో ఇంజను పట్టేసింది. హీరో ఎండలో రెండు గంటలు కూర్చున్నాడు. మేస్త్రి అక్కడే మూత విప్పి, లక్కతో పూడిన కన్నం చూసి, "ఎవడ్రా బిగించింది?" అని అడిగారు. ఇద్దరం బెల్లంకొట్టిన రాళ్లలా నిలబడ్డాం. ఆ వారం ఇద్దరం నాలుగు ఇంజన్లు కట్టాం, ఏది ఎవరు బిగించారో కమలాకర్‌కు గుర్తులేదు. నాకు గుర్తుంది. మేస్త్రికి దగ్గరగా ఉన్నది అతను. అంత యూనిట్టు ముందు, లైట్‌బాయ్‌ల ముందు, చెంప మీద ఒక్కటి ఇచ్చారు. నేను నోరు విప్పలేదు. పేరు పలక్కూడదని గురువే చెప్పారు కదా అని ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పలక్కూడని పేర్లలో నా పేరు కూడా వస్తుందని సర్దుకున్నాను.

సాయంత్రం ఇంజను అడుగున ఉండే ఫ్లైవీల్ చక్రాలు కూడా విడదీశాను. రాడ్డు తిరిగే పిన్ను కొత్తది కాదు. పాతదానికే పాలిష్ పట్టించి వేశాడు. అంచున పాత అరుగుదల మెట్టులా తెలుస్తోంది. కొత్త పిన్ను వేశానని కమలాకర్ బిల్లులో రాసినట్టు సార్ చెప్పాడు. అంటే వాడూ పూర్తిగా కడిగిన ముత్యం కాదు. ఆ పిన్ను ఇంకో రెండు మూడేళ్లు నడిచేది, ఆయిల్ అంది ఉంటే.  తప్పు ఒక్కరి దగ్గరే దొరికితే మనిషికి ఎంత తేలికో.

మొత్తం విప్పుతవా అని శుక్రవారం అడిగింది గుర్తొచ్చి, హనుమంతుకు ఫోను చేశాను. అరగంటలో వచ్చాడు. ఏమీ అడగకుండా పేస్టు ముక్క అతని చేతిలో పెట్టాను. చూసి, బండ మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మ జారి పడ్డది అన్నా. సార్ వాళ్ల అమ్మ. కొత్త మార్బుల్ గద, బండి కింద ఆయిల్ కారింది, మణికట్టు వాచింది ముసలామెకు. మేడమ్‌కు కోపమొచ్చింది. రేపటికల్ల ఒక్క చుక్క పడొద్దు, పడితే నువ్వూ బండీ ఇద్దరూ బయటికే అన్నది. సార్ ఊళ్లె లేడు. ఎర్రగడ్డ పోయే రోడ్డు మీద పంచర్ షాపు ఉంటే గాడ చూపిచ్చిన. అర్ధగంటల పని అన్నడు. నిజంగనే మల్ల ఒక్క చుక్క కారలే అన్నా."

"కారలే. లోపల ఉన్న ఆయిల్ కదలకనే పాయె. పాత బుల్లెట్ జర కారుతనే ఉంటది హనుమంతూ. కింద ఒక రేకు పెట్టాలె, గంతే."

"మార్బుల్ మీద రేకు పెట్టనిస్తరా?" అని, నా మోకాలు పట్టుకున్నాడు. "నా పేరు చెప్పకన్నా. ఇద్దరు పిల్లలు. నీకు ఎట్లనో అట్ల రాసెయ్. గా కమలాకర్ సేటుకు పద్నాలుగు బండ్లున్నయ్, ఒక్క పిక్చర్ పోతే మునుగుతడా?"

నేను ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. అది నేను చేసిన ఇంకో తప్పు.

ఆదివారం పొద్దున పెద్దమ్మ తల్లి గుడికి వెళ్లి, నోట్లో మాట తడబడకుండా చూడమని మాత్రం అడిగి, అక్కడినుంచి జూబ్లీహిల్స్ ఎక్కాను. సంచిలో పిన్ను, ప్యాకింగు, అగ్గిపెట్టెలో పేస్టు ముక్క. పోర్టికోలో తెల్లటి మార్బుల్. దాని మీద పేపరు పరిచి మూడూ వరసగా పెట్టాను. క్రాంతికుమార్ కాఫీ కప్పుతో వంగి చూశాడు. వాళ్లావిడ రష్మి గుమ్మం దగ్గర నిలబడింది. హనుమంతు కారు తుడుస్తున్నాడు, తుడిచిన చోటే.

"చెప్పండి. కమలాకరేగా?"

"ఇంజను కాలింది దీనివల్ల సార్." అగ్గిపెట్టె తెరిచాను. "ఇది ఆయిల్ దారికి అడ్డం పడ్డది. ఇది కమలాకర్ పెట్టింది గాదు. ఆయన ఇచ్చినంక ఎవరో కవర్ విప్పి పూసిన్రు."

"ఎవరు విప్పుతారండీ? బండి ఇక్కడే ఉంది."

గురువు మాట నాలుక మీదికి వచ్చింది. చూపించాను, ఇక పక్కకు జరగవచ్చు. జరిగితే ఈయన నమ్మడు. సోమవారం పద్నాలుగు బండ్లు ఆగిపోతాయి. కారు మీద గుడ్డ తిరగడం ఆగిపోయిందని చూడకుండానే తెలిసింది.

"హనుమంతు తీస్కపోయిండు సార్, పంచర్ షాపుకు. పెద్దమ్మ గారు జారిపడ్డంక. మార్బుల్ మీద చుక్క పడొద్దని ఇంట్ల చెప్తే."

క్రాంతికుమార్ కప్పు కింద పెట్టాడు. "హనుమంతూ! ఇలా రా. నీకు బుద్ధుందా? అరవై రెండు మోడల్ బండి పంచర్ షాపులో ఇచ్చి—"

"వాణ్ణంటారేంటండీ?" రష్మి మెట్లు దిగి వచ్చింది. "నేనే పంపించా. రేపటికల్లా ఆగాలి, లేకపోతే ఉద్యోగం లేదన్నా. అత్తయ్యగారు పడ్డ రోజు మీరు బెంగుళూరులో ఉన్నారు. ఫోన్ చేస్తే మీటింగన్నారు."

"నాకు చెప్పొచ్చుగా తర్వాత?"

"చుక్క కారకపోతే బాగైందనుకున్నా. మీరూ అలాగే అనుకున్నారు. కమలాకర్ భలే కట్టాడు, కారడం కూడా ఆగిపోయిందని మీ ఫ్రెండ్సుకి చెప్పలా?"

 క్రాంతికుమార్ పేపరు వైపు చెయ్యి చూపించాడు. "మరి ఈ పిన్నేంటి?"

ఆ పిన్నును సంచిలోనే ఉంచేయవచ్చని దారి పొడుగునా అనుకున్నాను. "అది పాతది సార్. పాలిష్ పెట్టి వేసిండు. కొత్తదని మీకు అబద్ధం చెప్పిండు. దానికి ఆయన జవాబు చెప్పాలె. కాని ఇంజను దానివల్ల పోలేదు."

"రెండూ రాసిస్తారా?"

"రాస్తా."

మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని, నా ఏడో తరగతి అక్షరాలతో రెండూ రాశాను. హనుమంతు పేరు రాయలేదు, ఇంటివారు వేరే చోట చేయించారని రాశాను. క్రాంతికుమార్ ఒక్కో పదం కూడబలుక్కుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా క్లాస్‌మేట్‌కి ఫోన్ చెయ్యన్లెండి" అన్నాడు. "కొత్త పిన్ను ఆయన్నే వేసివ్వమనండి. బండి మీరే కట్టండి."

గేటు దగ్గర హనుమంతును పలకరించబోయాను. తల తిప్పుకున్నాడు. ఉద్యోగం అయితే ఉంది. ఆ తర్వాత అతను మళ్లీ నా షెడ్డుకు రాలేదు. దారిలో కనబడితే నేనే ముందు నవ్వుతాను, ఇప్పటికీ.

అక్కడినుంచి ఫిల్మ్ నగర్‌కు నడిచే వెళ్లాను. ఎండకు రోడ్డు మెత్తబడుతోంది. కమలాకర్ ఆవరణలో పాత కార్లు, చెక్క బాడీ బస్సు, రెండు రిక్షాలు వరసగా కడిగి పెట్టి ఉన్నాయి. అట్టల మీద పాత కాలపు నంబర్లు రాసి ఆరబెట్టారు. అతను బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి.

"సోమవారం పోతయ్ నీ బండ్లు" అన్నాను ఆ కాళ్లతో.

బయటికి జరిగి, లేచి కూర్చున్నాడు. అంతా చెప్పాను. పంచర్ షాపు దగ్గర "అరే సాలే" అని నవ్వాడు. పిన్ను దగ్గరకొచ్చేసరికి ముఖం ముడుచుకుంది.

"గదీ చెప్పినవా?"

"చెప్పిన."

"చెప్పకుంటే నీ సొమ్మేం పోయేది? బజార్ల దొరికే కొత్త పిన్నులు మైనం లెక్కున్నయ్ రా. పాతదే గట్టిదని ఏసిన."

"గట్టిదని ఏసినవ్, మంచిదే. కొత్తదని రాసుడెందుకు?"

కమలాకర్ నేలమీది నట్టు తీసి చేతిలో తిప్పాడు. "ఏస్త తీ కొత్తది. మెత్తదే ఏస్త, సంబరపడమను." నట్టు మీది మట్టి గోటితో గీకుతూ, "అయినా, మేస్త్రి చేతి కింద పెరిగినోనివి, పేర్లు చెప్పుడు ఎప్పుడు నేర్చినవ్?" అన్నాడు.

"ఇయ్యాల్నే." అతని పక్కన కూర్చున్నాను. "కమలాకర్, గండిపేట యాదికున్నదా? లక్కతోని పట్టేసిన ఇంజన్?"

"యాదికుండదా? మూడు దినాలు చెవు వినవడలే."

"ఆ కవర్ నేను బిగిచ్చిన. నాకు అప్పుడే తెల్సు."

అతను లేచి నిలబడ్డాడు. నేను కూడా లేచాను. నట్టు జేబులో వేసుకుని, నా వైపు కాకుండా పక్కకు, కడిగిన బస్సు వైపు చూస్తూ నిలుచున్నాడు. మరచిపోయిన రోజులు వెనక్కి లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి.

"ఇరవై ఒక్క ఏండ్లు నేనే చేసిననుకున్న" అన్నాడు. "అప్పటి సంది ఏ కవర్ బిగిచ్చినా, రెండుసార్లు విప్పి సూస్కుంట. ఈ సార్ బండిది గూడ రెండుసార్లు విప్పిన."

"తెల్సు. ప్యాకింగు చూసిన."

"కండ్లద్దాలు తియ్యి."

తీసి, మడిచి, చేతిలో పట్టుకున్నాను. ఉత్తుత్తికి కొడతాడేమో అనుకున్నాను. కాదు. గ్రీజు చెయ్యి, నలభై అయిదేళ్ల మెకానిక్కు చెయ్యి, సూటిగా వచ్చి ఎడమ చెంప మీద పడింది. చెవిలో సన్నగా ఒక కూత మొదలైంది. బస్సు కడుగుతున్నవాళ్లు ఇటు తిరిగారు. రెండు అడుగులు వెనక్కి వేసి, రిక్షా పట్టుకుని నిలదొక్కుకున్నాను.

కమలాకర్ అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. అతనికి ఆయాసం వచ్చింది.

"అయిపోయింది" అన్నాడు.